ఉదయం పూట దగ్గే ఇంజనుతో పంజగుట్ట దాకా

దేవరకొండ బస్టాండులో హైదరాబాదు బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుండగా కండక్టరు మా గోనెసంచి వైపు వేలు చూపించాడు.

"ఏముందన్నా అండ్ల? పెట్రోల్ వాసనొస్తుంది."

"పడవ ఇంజనన్నా. పట్నంల రిపేరుకు తీస్కపోతున్న," అన్నాడు సైదులు.

"ఇంజను రానియ్యి. పెట్రోల్ మాత్రం రాదు. ఖాళీ చేసినంకనే ఎక్కు."

న్యాయమైన మాటే. బస్సు ఏడింటికి బయలుదేరాలి, పది నిమిషాలే ఉంది. ఆ ఇంజనుకు ట్యాంకు వేరుగా ఉండదు. దాని తల మీదే చిన్న బిందె లాగ అమర్చి ఉంటుంది. సైదులు దానిని మురికికాలువ వైపు వంచబోతుంటే, పక్కనే టీ కొట్టు నడిపే లింగయ్య అరిచాడు: "ఓ అన్నా, బంగారం అసొంటి పెట్రోల్ మోరీల పోస్తవా? నా స్కూటర్ల పొయ్యి. పాత బండి, అది సుత నూనె కలిపిన పెట్రోలే తాగుతది." అడుగు చుక్క వరకు ఆ స్కూటరులోకి వంచి బస్సెక్కాము. స్త్రీని కనుక నాకు సున్నా టికెట్టు, సైదులుకు పూర్తి టికెట్టు, ఇంజనుకు లగేజీ టికెట్టు ఇచ్చారు. మా ముగ్గురిలో ఎవరు బరువో కండక్టరు సరిగ్గానే నిర్ణయించాడు.

ప్రయాణ కారణం చెప్పాలి. నేను నీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. నెలకొకసారి కృష్ణ వెనుకజలాల నడుమకు వెళ్లి సీసాలలో నీరు పట్టుకొని రావడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆ పనికి సైదులు పడవ తప్ప మరొకటి లేదు. అతనిది అవతలి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. బడి ఇవతలి ఒడ్డున ఉంది. ఆ పల్లెలో పదో తరగతి చదివే ఆరుగురు పిల్లలు రోజూ అతని పడవలోనే నీరు దాటుతారు. వారిలో అతని కూతురు స్వప్న ఒకతె. వచ్చే సోమవారం నుంచి వారికి పబ్లిక్ పరీక్షలు. గుట్టలు చుట్టి వచ్చే రోడ్డు ఉంది గాని, పరీక్ష వేళకు చేర్చే బస్సు ఆ దారిన లేదు.

కొన్ని వారాలుగా ఆ ఇంజను ఉదయం పూట మొరాయిస్తున్నది. తాడు లాగితే అంటుకుంటుంది. అర నిమిషం చక్కగా నడుస్తుంది. తరువాత దగ్గి ఆగిపోతుంది. చాలాసేపు లాగితే, పొగ కక్కి, ఆ పైన రోజంతా ఏ పేచీ లేకుండా నడుస్తుంది. ఒడ్డు దగ్గర ఆగితే విసుగే గాని ప్రమాదం లేదు. మొన్న మంగళవారం మాత్రం ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక ఆగింది. ఆరుగురు పిల్లలు, నేను, నా సీసాల పెట్టె పడవలో ఉన్నాము. గాలి లేచింది. పడవ అడ్డం తిరిగి, నీట మునిగిన రాళ్ల వైపు కొట్టుకుపోసాగింది. సైదులు తాడు వదిలి తెడ్డు అందుకున్నాడు. పిల్లలు ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించేంత నిశ్శబ్దంగా పడవ అంచులు పట్టుకొని కూర్చున్నారు. రాళ్లకు రెండు బారల దూరంలో ఇంజను మళ్లీ అంటుకున్నది.

ఆ సాయంత్రం తల్లులు ఒడ్డుకు వచ్చి ఒక్క మాట చెప్పారు: "ఆదివారం మా ముంగట నడిపి చూపియ్యి సైదులూ. దగ్గిందంటే పిల్లలను పంపం. పరీక్ష పోతే పోయె, పాణం ఉంటది." ఆ తల్లుల్లో అతని భార్య కూడా ఉన్నది.

దేవరకొండలో ముగ్గురు మెకానిక్కులు అప్పటికే ఆ ఇంజనును చూశారు. ఒకరు ప్లగ్గు మార్చారు. ఒకరు పెట్రోలులో కలిపే నూనె పాలు ఎక్కువైందన్నారు. మూడో ఆయన కార్బరేటరులో చెత్త ఉందని చెప్పి దాన్ని కడిగారు. ముగ్గురూ నిశ్చయంగా చెప్పారు, ముగ్గురిలో ఎవరూ పరీక్షించలేదు. ఉదయమైందని చెత్తకు ఎలా తెలుస్తుందని నేను అడిగితే మూడో ఆయన నొచ్చుకున్నాడు. చివరకు, విహార పడవల ఇంజన్లు ఎన్నో ఏళ్లు బాగుచేసి, ఇప్పుడు పంజగుట్టలో జనరేటర్లు బాగుచేస్తున్న ఖాజా భాయ్ అనే ఆయన చిరునామా సైదులుకు దొరికింది. పరీక్షల సంగతి తెలిసీ ఇంట్లో కూర్చోలేక నేను సెలవు పెట్టి తోడు బయలుదేరాను.

బస్సు కొండమల్లేపల్లి దాటాక గాని నాకొక సంగతి తట్టలేదు. లోపమున్న యంత్రాన్ని తెస్తున్నాము గాని, అది తాగిన ఇంధనాన్ని వదిలి వస్తున్నాము. అదీ సాక్ష్యమే. ఒక చిన్న సీసాలో పట్టి లింగయ్య కొట్టులోనైనా ఉంచి రావలసింది. సైదులుతో అంటే, "ఇప్పుడేం జేస్తం మేడమ్, స్కూటర్ తాగేసింది," అని కిటికీ వైపు తిరిగాడు. నడవలో ఉన్న గోనెసంచి మీద కాళ్లు చాచుకొన్న ఒక పెద్దావిడ, అది పొలం మోటరా అని అడిగింది. పడవదని చెబితే కాళ్లు తీసి, సంచిని ముట్టుకొని కళ్లకద్దుకున్నది. "గంగమ్మ బిడ్డ," అన్నది.

పది దాటాక మహాత్మా గాంధీ బస్టాండులో దిగాము. అక్కడి నుంచి పంజగుట్టకు మెట్రోలో తేలికగా పోవచ్చునని నా లెక్క. సామాను తనిఖీ దగ్గర కాపలా ఆయన సంచి మూతి విప్పి వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. "ట్యాంకు ఖాళీగా ఉంది" అన్నాను. "ఖాళీ ఉన్నది మీకు తెలుసు మేడమ్, వాసనకు తెల్వది" అన్నాడు. వాదించడానికి వీలులేని మాట. ఇంజనుతో వచ్చేవారు మెట్రోను నమ్ముకోవద్దని ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆటో మాట్లాడుకున్నాము. లక్డీకాపూల్ దగ్గర ట్రాఫిక్కులో ఆగినప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగి, "పడవ ఇంజనా? హైదరాబాదుకు సముద్రం ఎప్పుడొచ్చింది భాయ్, మాకు ఖబర్ లేకపాయె!" అన్నాడు. సైదులు నవ్వలేదు. అతని చేయి సంచి మీదే ఉన్నది.

పంజగుట్ట చౌరస్తా వెనుక సందులో, మెట్రో రైలు పోయినప్పుడల్లా రేకులు అదిరే షెడ్డు ఖాజా భాయ్‌ది. గడ్డానికి గోరింటాకు, ముక్కు మీద కళ్లద్దాలు. ఇంజనును చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు దాని తల నిమిరాడు. మేము చెప్పినదంతా విన్నాడు, సగం మాత్రమే నమ్మాడు. నీళ్లు నింపిన పెద్ద డ్రమ్ములో దాని పంఖా మునిగేలా బిగించి, ప్లగ్గు చూసి, కార్బరేటరు విప్పి గాలి కొట్టి, తన డబ్బాలో నూనె కలిపిన కొత్త పెట్రోలు పోసి తాడు లాగాడు.

ఒక్క లాగుకే అంటుకున్నది. అర నిమిషం గడిచింది. ఒక నిమిషం, ఐదు నిమిషాలు గడిచాయి. దగ్గు లేదు. ఆపి మళ్లీ లాగాడు, మళ్లీ నడిచింది.

"క్యా మేడమ్, ఏక్ దమ్ ఫస్ట్ క్లాస్ ఉంది. తీస్కపోండ్రి."

సైదులు ముఖం వెలిగింది. అప్పుడే సంచి దులపసాగాడు. రెండు గంటల బస్సు అందుకుంటే చీకటి పడే లోపల ఇల్లు చేరవచ్చునన్నాడు.

"మీరు ఏం బాగుచేశారు?" అని ఖాజా భాయ్‌ని అడిగాను.

"సాఫ్ చేసిన. ఇంకేం చెయ్యాలె? రోగమే లేదు."

"కార్బరేటరు దేవరకొండలోనూ కడిగారు. మర్నాడే దగ్గింది. మనం రోగాన్ని చూడనే లేదు. చూడని రోగం తగ్గిందని ఎలా అంటాము? అది చల్లబడిన ఇంజనుకు ఉదయమే వస్తుంది. రాత్రంతా ఇక్కడ ఉంచి పొద్దున్నే లాగి చూడాలి."

ఖాజా భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, డాక్టర్ దగ్గరికి పోతే పండ్ల నొప్పి సుత పోతది. గంత మాత్రాన నొప్పి వచ్చేదాక కూసుంటమా?"

"పంటినొప్పితో ఆరుగురు పిల్లలు నీళ్లలో కొట్టుకుపోరు."

రైలు పోయింది, రేకులు అదిరాయి. పొద్దున తొందరగా తెరుస్తానని ఖాజా భాయ్ ఒప్పుకున్నాడు. సైదులు దులిపిన సంచిని మడిచి మూలన పెట్టాడు గాని నా వైపు చూడలేదు.

బస అమీర్‌పేటలో. కోచింగుకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు దిగే లాడ్జి ఒకటి సందులో ఉన్నది. శుభ్రంగానే ఉంటుంది, వేడినీళ్లు ఉదయం మాత్రమే వస్తాయి, కిటికీ తీస్తే ఎదుటి గోడ. రెండు గదులు తీసుకున్నాము. సాయంత్రం టిఫిను బండి దాకా నడుస్తుంటే స్తంభం స్తంభానికి కంప్యూటరు కోర్సుల కాగితాలు అంటించి ఉన్నాయి. నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని ఒకదాని మీద రాసి ఉంది. ఆ నూరులో ఎవరెవరిని లెక్కించారో, మధ్యలో మానేసినవారిని ఏం చేశారో ఎక్కడా రాయలేదు. ఆ మాట పైకే అన్నట్టున్నాను. పక్కన దోశ తింటున్న, భుజానికి సంచి వేసుకున్న యువకుడు, "మానేసినోళ్లంతా ఈ బండి దగ్గరే ఉంటరు మేడమ్, లెక్కపెట్టుకోండ్రి," అన్నాడు. బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సైదులు దోశ సగంలో వదిలేశాడు.

"మేడమ్, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీకు ఎవరి మీదన్న నమ్మకం ఉంటదా?"

"పరీక్షకు నిలిచిన దాని మీద ఉంటుంది."

"మరి మనుషులు పరీక్షకు నిలవకపోతే?" అని ఆగాడు. "నాకు బుగులైతుంది. మా స్వప్న ఇందాక ఫోన్ చేసింది. 'నాయినా, ఇంజను మంచిగైందా, నేను చదువాల్నా వద్దా' అంటది. దానికి నేనేం చెప్పాలె? మంచిగైందని ఖాజా భాయ్ అన్నడు. మీరు కాలేదంటరు. చదువుమనే చెప్పిన." చేతులు కడుక్కొని, "పొద్దుగాల్నే బల్కంపేట పోయొస్త. ఎల్లమ్మ తల్లికి ఓ మాట చెప్పుకొనొస్త," అన్నాడు.

శనివారం ఎనిమిదింటికి నేను షెడ్డు చేరేసరికి ఖాజా భాయ్ టీ తాగుతున్నాడు. సైదులు నా వెనుకనే వచ్చాడు. నుదుట బొట్టు ఉంది, చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్కు సీసా. బల్కంపేటలో అమ్మవారు బావిలో వెలసిందని నమ్మకం. అక్కడి నీటిని జనం తీర్థంగా ఇళ్లకు తెచ్చుకుంటారు. సీసాను అతను బల్ల మీద కాక, కడిగిన ఒక పళ్లెంలో పెట్టాడు.

ఇంజను మీద చేయి వేసి చూశాను. ఇనుము చల్లగా ఉన్నది. రాత్రి పట్టిన చెమ్మ సన్నగా తగిలింది. నా ఊహ ప్రకారం ఇప్పుడు దగ్గాలి. ఖాజా భాయ్ లాగాడు. ఒక్క లాగు. అర నిమిషం దాటింది, పది నిమిషాలు నడిచింది. దగ్గు లేదు.

"నేను చెప్పలే?" అన్నాడు, నొప్పించకుండానే.

చలి కాదు. నూనె పాలు కాదు, ప్లగ్గు కాదు, చెత్త కాదు. నా దగ్గర మరో ఊహ మిగలలేదు. ఊహ లేకుండా ఇంకొక రోజు ఆగమనే హక్కు నాకు లేదు. కట్టేయమన్నాను. చెప్పుకోదగిన తృప్తి ఏమీ లేదు. మంగళవారపు రాళ్లు కళ్ల ముందే ఉన్నాయి.

సైదులు సంచి పరిచి, ఆగాడు. "భాయ్, ఒక్కసారి. అమ్మ నీళ్లు పోసి, నా చేత్తో ఒక్కసారి లాగి కట్టుకుంట. శుభంగ."

"లాగు, లాగు. నీ ఇంజను."

చెప్పులు విడిచి ఇంజను ముందు నిలుచున్నాడు. సీసాలోని నీటిని దోసిట్లో పట్టి, పెదవులు కదుపుతూ, దాని తల మీద పోశాడు. మళ్లీ దోసిలి పట్టాడు, మళ్లీ పోశాడు. నెల నెలా పడవలో నేను చూసిన దృశ్యమే. అక్కడ అమ్మ పేరు గంగమ్మ, నీళ్లు వెనుకజలాలవి. రోజు మొదటి ప్రయాణానికి ముందు మాత్రమే పోస్తాడు. ఆచారమని మర్యాదగా చూపు తిప్పుకోవడం నాకు అలవాటు. ఈసారీ తిప్పుకోబోయాను.

తాడు లాగాడు. అంటుకున్నది. సైదులు కళ్లు మూసుకొని దండం పెట్టాడు. అర నిమిషానికి ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది.

సైదులు పిచ్చిగా తాడు అందుకోబోయాడు.

"లాగొద్దు!" అని నేను అరిచిన అరుపుకు ఎదుటి పాన్ డబ్బా ఆయన కూడా తిరిగి చూశాడు. "లాగితే సాక్ష్యం పోతుంది. దాన్ని ముట్టుకోవద్దు."

సైదులు తాడు వదిలి నేల మీద కూలబడ్డాడు. "సాక్ష్యం ఏంది మేడమ్. అమ్మ చెప్తుంది. అమ్మ నీళ్లు పడంగనే ఆగింది. పిల్లలను ఎక్కియ్యొద్దని చెప్తుంది." జేబులోంచి ఫోను తీశాడు. "స్వప్నకు చెప్పేస్త. సోమవారం లేదు, ఏం లేదు."

"అరగంట ఆగండి. అరగంట తరువాత మీరేం చెప్పినా అడ్డు రాను."

అతను ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. బొటనవేలు మాత్రం కదలలేదు.

కార్బరేటరు అడుగున ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది వదులు చేస్తే లోపల నిలిచిన ఇంధనం కారుతుంది. ఖాజా భాయ్ తన టీ గ్లాసు ఇచ్చాడు. కడిగి, పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాక గాని నేను పట్టనివ్వలేదు. "ఆపరేషన్ థియేటరా మేడమ్ ఇది?" అన్నాడు గాని తుడిచాడు. గ్లాసులోకి పట్టి వెలుతురుకు ఎత్తాము. పైన నూనె కలిసిన పెట్రోలు నీలంగా, కింద వేలి మందాన ఏ రంగూ లేనిది, మధ్యన గీత గీసినట్టు అంచు.

"పానీ!" అన్నాడు ఖాజా భాయ్. వెంటనే, "బంకోళ్లు కలిపిండ్రు. గీ పెట్రోలే ఖరాబ్ పెట్రోల్," అన్నాడు.

"పావుగంట కిందట ఇదే పెట్రోలుతో నడిచింది." అతని డబ్బాలోంచి మరో గ్లాసులోకి పట్టించాను. ఒకే నీలం, అడుగున గీత లేదు. "ఆ నడవడానికీ ఈ ఆగడానికీ మధ్య ఏం జరిగింది?"

ముగ్గురమూ సీసా వైపు చూశాము. ఖాజా భాయ్ ట్యాంకు మూత విప్పాడు. మూత చుట్టూ గుంట ఉన్నది, అందులో తీర్థం ఇంకా నిలిచి ఉన్నది. మూత కింది రబ్బరు వాషరు ఎండిన అప్పడంలా బిరుసెక్కి ఒకచోట చీలింది. గాలి ఆడడానికి మూత మీద ఉండే సన్నని స్క్రూ తెరిచే ఉన్నది. నడిచేటప్పుడు అది తెరిచి ఉండాలి. నీరు పెట్రోలు కంటే బరువు. లోపలికి జారిన నీరు అడుగుకు చేరుతుంది, ఇంజను తాగేదీ అడుగు నుంచే. కార్బరేటరు గిన్నెలో ముందే ఉన్న మంచి పెట్రోలు అర నిమిషం నడిపిస్తుంది. తరువాత నీటి వంతు వస్తుంది. అందిన నీరంతా కక్కేశాక మళ్లీ పెట్రోలు, రోజంతా సుఖం; ట్యాంకు మూలల్లో మిగిలింది కదలకుండా ఉంటుంది.

"మూడేండ్ల సంది పోస్తున్న," అన్నాడు సైదులు నేల మీద నుంచే. "అప్పుడేం కాలేదు గదా?"

"అప్పుడు గీ వాషర్ మంచిగుండె భాయ్. ఎండకు పగిలింది."

"ఎన్ని దోసిళ్లు పోసేవారు?" అని అడిగాను.

"మొదలు ఒకటే. ఇది దగ్గుడు మొదలైనంక..." అతను తన ఖాళీ దోసిలి వైపు చూసుకున్నాడు. "మూడు చేసిన. మొన్న మంగళారం పిల్లలున్నరని బుగులై, ఐదు."

ఖాజా భాయ్ నోరు తెరిచాడు. సైదులు ముఖం చూసి మూసుకున్నాడు. భయం పెరిగిన కొద్దీ నీళ్లు పెరిగాయి, నీళ్లు పెరిగిన కొద్దీ భయం పెరిగింది.

చివరకు సైదులే అడిగాడు: "అయితే అమ్మ నీళ్లకు గిట్లయిందా?"

"ఏ నీళ్లకైనా ఇంతే. చూద్దాం." పాత పెట్రోలు ఒంపేసి, కొత్తది పోసి, ఏమీ చల్లకుండా లాగించాను. నడిచింది. ఆపి, కుళాయి నీళ్లు రెండు దోసిళ్లు పోయించాను. అర నిమిషానికి దగ్గి ఆగింది. నా ప్రశ్నకు జవాబు దొరికింది. పరికరాలు సర్దవచ్చుననుకున్నాను.

సైదులు లేచాడు. "మూత మంచిగ చెయ్యి భాయ్. సీసల ఇంకా అమ్మ నీళ్లున్నయి. అవి పోసి చూడాలె."

నా ప్రశ్నకు ఆ పరీక్షతో పని లేదు. అతని ప్రశ్న వేరు. ఖాజా భాయ్ సైకిలు ట్యూబు ముక్క కత్తిరించబోతే, పెట్రోలుకు అది ఉబ్బదా అని అడిగాను. "మేడమ్ బాత్ సహీ, ఉబ్బుతది," అని ఒక జనరేటరు మూత నుంచి తీసిన మందపాటి వాషరు వెతికి బిగించాడు. గుంట మీద ఒక మైనపు కాగితాన్ని గాలి ఆడేలా వదులుగా బోర్లించి దారంతో కట్టాడు. ట్యాంకు మళ్లీ ఒంపి నింపాము. సైదులు సీసాలో మిగిలిందంతా, చివరి చుక్క వరకు పోశాడు. నీరు కాగితం మీద నుంచి జారి డ్రమ్ములో పడింది. తాడు లాగాడు.

అర నిమిషం అయింది. నేను గడియారం వైపు చూస్తున్నాను. అతను ఇంజను వైపు చూస్తున్నాడు. నిమిషం దాటింది. రెండు రైళ్లు పోయాయి, రేకులు అదిరాయి, ఇంజను మోత మారలేదు.

"నడుస్తుంది," అన్నాడు సైదులు, ఎవరితోనో రహస్యం చెప్పినట్టు. మోచేతితో కళ్లు తుడుచుకొని ఫోను తీశాడు. "బిడ్డా, చదువు. ఆ, మంచిగైంది. లెక్కలు చదువు."

ఖాజా భాయ్ మమ్మల్ని భోజనం చేయకుండా పోనివ్వలేదు. సందు చివరి హోటలు నుంచి పప్పు, రొట్టె తెప్పించాడు. "నలభై ఏండ్ల నుంచి ఇంజన్లు విప్పుతున్న మేడమ్. మనుషులను విప్పి చూడాలని ఎవడూ నేర్పలే," అని నవ్వాడు.

రెండు గంటల బస్సులో కూర్చున్నాక సైదులు నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. పంజగుట్టలో మేము చూపింది, నీళ్లు పోస్తే ఈ ఇంజను ఆగగలదని మాత్రమే. వెనుకజలాల మీద మంగళవారం దాన్ని ఆపింది కూడా నీరేనని చూపలేదు. ఆగగలగడం వేరు, ఆ రోజు అందుకే ఆగడం వేరు. అందుకు రుజువు నిన్న ఉదయమే లింగయ్య స్కూటరులోకి ఒంపేశాము. ఈ సంగతి సైదులుతో ఎలా చెప్పాలా అని ఇబ్రహీంపట్నం నుంచి కొండమల్లేపల్లి దాకా మాటలు కూర్చుకుంటూ వచ్చాను.

ఐదు దాటాక దేవరకొండలో దిగాము. గోనెసంచి కనబడిందో లేదో, టీ కొట్టులోంచి లింగయ్య గరిటెతో సహా పరుగెత్తుకు వచ్చాడు.

"ఓ అన్నా! ఏం పోసినవే నా బండ్ల? నిన్న ఇంటికి పోయేటప్పుడు అర ఫర్లాంగు పోయింది, దగ్గు, దగ్గు, దగ్గి ఆగె! నూకుకుంట పోయిన. మెకానిక్ కార్బరేటర్ విప్పితే ఏముంది, నీళ్లు! పెట్రోలని చెప్పి నీళ్లు అంటగడతవా, నీ ఇంజను పాడుగాను!"

సైదులు నా వైపు తిరిగాడు. నేను లింగయ్యకు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన గరిటె ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. "మీకేమైంది మేడమ్, తిడితే దండం పెడుతున్నరు?" అన్నాడు. మెకానిక్కు కూలీ నేనిస్తానని చెప్పి, రెండు టీలు తాగి, వివరం చెప్పాము. విని, "అంటే మా స్కూటరు సుత పూజ చేయించుకుందన్నమాట," అన్నాడు.

ఈ దారిన యంత్రంతో వెళ్లేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. మెట్రోలోకి రానివ్వరు, ఆటోయే దిక్కు. అమీర్‌పేట సందుల్లో బస దొరకడానికి ఇబ్బంది లేదు. బయలుదేరే ముందు ఇంధనాన్ని ఒక సీసాలో పట్టి ఊళ్లోనే దాచి పెట్టండి. యంత్రం వెంట దాన్ని రోజూ నడిపే మనిషిని తీసుకుపోండి, అతను దాని ముందు ఏమేం చేస్తాడో చూపు తిప్పుకోకుండా చూడండి. నేను నెల నెలా చూపు తిప్పుకున్న ఆ క్షణంలోనే జవాబు ఉన్నది.

ఆదివారం ఉదయం అవతలి ఒడ్డుకు పోవడానికి సైదులు పడవలో ఎక్కాను. దూరాన ఆ ఒడ్డు మీద తల్లులు వరుసగా నిలుచున్నారు. మధ్యలో స్వప్న పుస్తకంలో వేలు పెట్టి నిలుచున్నది. సైదులు వంగి దోసిలి నిండా నీళ్లు తీసుకున్నాడు. ఇంజను దాటి ముందుకు నడిచి, పడవ ముక్కు మీద పోసి దండం పెట్టాడు. ఒక్క దోసిలే. వెనక్కి వచ్చి తాడు లాగాడు.

నేను గడియారం చూడలేదనడం అబద్ధమవుతుంది. అర నిమిషం దగ్గర సైదులు వేళ్లు తాడు పిడిని గట్టిగా పట్టుకున్నాయి. నీట మునిగిన రాళ్లు కుడివైపున వచ్చాయి, పక్కకు జరిగాయి, వెనకబడ్డాయి. మోత మారలేదు. ఒడ్డు దగ్గర ఇంజను ఆపి, తల్లులు చూస్తుండగా మళ్లీ లాగాడు. మళ్లీ లాగాడు. రెండుసార్లూ అంటుకొని నడిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సైదులు భార్య చీర కొంగుతో నుదురు తుడుచుకొని, నీళ్లలోకి రెండడుగులు దిగి వచ్చింది.

"రేపు పొద్దుగాల ఎన్ని గంటలకు తయారు చెయ్యాలె పిల్లలను?" అని అడిగింది.